నాలుగు బిందెలు మింగిన నేల

నేను ముప్పై రెండేళ్ళు ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజనీరుగా పనిచేశాను. ప్రమోషన్ కాగితం చేతికి వచ్చిన మూడో నెలలోనే రిటైర్మెంటు కాగితం కూడా వచ్చింది కాబట్టి దాన్ని లెక్కలో వేసుకోవడం లేదు. ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల నేను కట్టించిన బడి గదులు, అంగన్‌వాడీలు, నీళ్ళ ట్యాంకులు చాలానే ఉన్నాయి. వాటిలో ఏదీ కూలలేదు. ఈ మాట చెప్పినప్పుడల్లా మా ఆవిడ పక్కనుంచి "ఇంకా" అని ఒక మాట చేరుస్తుంది.

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వస్తుంటారు. టీ తాగి, "మీ సర్వీసులో గొప్ప పని ఏది సార్?" అని అడుగుతారు. గొప్ప పనులు నా దగ్గర పెద్దగా లేవు గానీ ఒక గొప్ప తప్పు మాత్రం ఉంది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ముందు సిగ్గేస్తుంది, ఆ వెనకే నవ్వు వస్తుంది. మీకూ అదే చెబుతాను.

ఎమ్మిగనూరు నుంచి గోనెగండ్ల వైపు వెళ్ళే దారిలో ఒక ఊరికి ఆరోగ్య ఉపకేంద్రం మంజూరైంది. రెండు గదులు, ముందు వరండా, వెనక మరుగుదొడ్డి. అప్పటిదాకా ఆ ఊరి నర్సమ్మ ఒక రైతు ఇంటి వరండాలో పని నడిపేది. గర్భిణిని చూడాలంటే అడ్డంగా ఒక చీర కట్టి, బెంచీ మీద పడుకోబెట్టేది. వాన వస్తే బెంచీ, చీర, గర్భిణి, నర్సమ్మ అందరూ కలిసి ఆ ఇంటివాళ్ళ వంటింట్లోకి మారేవాళ్ళు. ఒకసారి పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగా పక్కనే కానుపు చేసింది ఆమె. పప్పు మాడిపోయింది, బిడ్డ మాత్రం బాగున్నాడు అని నవ్వుతూ చెప్పింది గానీ, ఆ నవ్వు వెనక ఎంత అలసట ఉందో నాకు కనబడింది.

మంజూరు కాగితంలో ఒక మెలిక ఉంది. ఆ ఏడు వానలు ముదిరేలోగా తగిన స్థలం చూపించి పని మొదలుపెట్టకపోతే భవనం పక్క ఊరికి వెళ్ళిపోతుంది. పక్క ఊరివాళ్ళు అప్పటికే స్థలం చూసుకుని, కంపచెట్లు కూడా కొట్టించి, సిద్ధంగా కూర్చున్నారు.

మా ఊరివాళ్ళు (ఇప్పటికీ దాన్ని మా ఊరనే అంటాను) రెండు స్థలాలు చూపించారు. ఒకటి పడమర మిట్ట మీద ప్రభుత్వ భూమి. రెండోది రోడ్డు పక్కనే చాప పరిచినట్టు చదునుగా ఉన్న నల్లరేగడి చేను. దాన్ని ఒక రైతు దానంగా ఇస్తానన్నాడు. కట్టడానికి ముందు నేలను పరీక్షించడం బ్రహ్మవిద్యేమీ కాదు. నాలుగు చోట్ల ఛాతీ లోతు గుంతలు తీసి కింద ఏముందో చూడాలి. వాన నీళ్ళు ఎటునుంచి వచ్చి ఎటు పోతాయో చూడాలి. చిన్న గుంతలో నీళ్ళు పోసి, ఎంతసేపట్లో ఇంకుతాయో గడియారం చూసి రాసుకోవాలి. ఓపిక ఉంటే చాలు. ఆ రోజు నా దగ్గర లేనిది అదే.

అది రంజాన్ నెల, పైగా ఏప్రిల్ ఎండ. నేను రోజాలో ఉన్నాను. అయితే నా తప్పును ఉపవాసం మీదికి నెట్టను. మా నాన్న రోజాలో ఉండి కూడా ఆదోని జిన్నింగు మిల్లులో పత్తి బేళ్ళు మోసేవాడు. తప్పంతా తొందరది. ఇఫ్తార్ వేళకు ఆదోనిలో ఇల్లు చేరాలని, ఇంట్లోవాళ్ళతో కూర్చోవాలని నా తొందర.

నాతో వచ్చిన వర్క్ ఇన్‌స్పెక్టర్‌ది కౌతాళం. నాకంటే సర్వీసు ఎక్కువ, మాట తక్కువ, ఆ తక్కువలోనూ సగం కన్నడం. మిట్ట మీద మొదటి గుంత మొదలుపెట్టగానే కూలీ చేతిలో గడ్డపార సగానికి పైగా దిగబడిపోయింది. తవ్వితే బూడిదరంగు మెత్తటి మన్ను, పొట్టు, కుండపెంకులు వచ్చాయి.

"చెత్తగుంత పూడ్చిన నేల ఇది. పనికిరాదు" అన్నాను.

"ఇంకా రెండు తావుల తీసి చూద్దాం సారు. ఒక గుంత చూసి మిట్టంతా బ్యాడ, వద్దు అంటే ఎట్ల?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"చెత్త మీద ఎవరైనా ఆసుపత్రి కడతారా?" అని నేను మోటారు సైకిలు ఎక్కాను.

కింద రేగడి చేనులో గుంతలు చక్కగా వచ్చాయి. పైన నల్లమన్ను, దాని కింద సుద్ద, ఆ కింద గట్టి గరుసు. రేగడి వానకు ఉబ్బుతుందని, ఎండకు ముడుచుకుని గోడలు చీలుస్తుందని నాకు తెలియక కాదు. దాన్ని తోడేసి గరుసు నింపి, గట్టిగా దిమ్మిస చేసి పునాది వేస్తాం. అది మా చేతిలో పనే. నేను బోల్తా పడింది నీళ్ళ దగ్గర.

చేనంతా కాలు దూరేంత నెర్రెలు విచ్చి ఉంది. పరీక్ష గుంతలో ఒక బిందె నీళ్ళు పోయించాను. గడియారం వంక చూసి తలెత్తేలోగా నీళ్ళు లేవు. రెండో బిందె పోయించాను. అదీ లేదు. ఉపాధి పని నుంచి తిరిగి వస్తున్న ఆడవాళ్ళు రోడ్డు మీద ఆగి వేడుక చూస్తున్నారు. నా పెదాలు ఎండి అతుక్కుపోతున్నాయి. నేను మాత్రం మూడో బిందె, నాలుగో బిందె నేలకు పోయిస్తున్నాను.

"సారు గొంతెండి నిలబడినాడు, నీళ్ళేమో నేలకు తాపుతాండాడు సూడే!" అంది ఒకామె. అందరూ పకపకా నవ్వారు.

వాళ్ళలో లావుపాటి ముసలామె ఒకామె ఉంది. ఊరంతా ఆమెను అవ్వ అనే పిలుస్తారు. ఆమె నవ్వలేదు. "నాలుగు బిందెలు యాడ సాలుతాయి నాయనా? ఇప్పుడు బాయి తెచ్చి పోసినా తాగుతాది ఈ నేల" అంది.

ఆ 'ఇప్పుడు' అన్న మాట నా చెవిలో పడింది గానీ బుర్రలోకి పోలేదు. చేను ఇస్తానన్న రైతుకు పిల్లనిచ్చిన మామ కూడా అక్కడే ఉన్నాడు. పుట్టి బుద్ధెరిగి ఆ చేనులో నీళ్ళు నిలవడం చూడలేదని ఒట్టు పెట్టాడు. దారి మీద ఆసుపత్రి వస్తే తన అల్లుడి మిగతా చేను పక్కన బస్సు ఆగుతుందని ఆయన ఆశ అని తర్వాత తెలిసింది. ఇన్‌స్పెక్టర్ మాత్రం నా పక్కకు వచ్చి మెల్లగా, "ఈ నెల నంబబ్యాడ్రి సారు. ఈ నేలను నమ్మొద్దు" అన్నాడు. నేను అప్పటికే రాసేశాను. 'నీరు చాలా బాగా ఇంకుతున్నది. నిలిచే అవకాశం లేదు.' కింద సంతకం, తేదీ. ఇఫ్తార్‌కు పావుగంట ముందే ఇల్లు చేరాను కూడా.

పిల్లలూ, నేను చేసిన తప్పు ఏమిటో మీకు ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. రేగడిలో ఎండాకాలం నీళ్ళు పోస్తే నెర్రెల్లోకి జారిపోతాయి. దాన్ని ఇంకడం అనరు. మొదటి పదును వాన పడగానే మన్ను ఉబ్బి నెర్రెలు మూసుకుంటాయి, ఆ తర్వాత చుక్క కూడా కిందికి దిగదు. ఇది పుస్తకంలో ఉంది. మా ప్రాంతంలో చేను చూసినవాళ్ళందరికీ తెలుసు. ఆదోని పట్నంలో పుట్టి, ముప్పై ఏళ్ళు నేల మీద అధికారం చేసిన నాకు ఆ సాయంత్రం గుర్తు రాలేదు.

జూన్‌లో పునాదికి సున్నంతో గీతలు గీసే రోజు వచ్చింది. అంతకుముందు రెండు రోజులు బాగా వాన కురిసింది. నా పై అధికారి డీఈ మేడం ఎమ్మిగనూరు నుంచి జీపులో వచ్చారు. నేనూ ఇన్‌స్పెక్టరూ మోటారు సైకిలు మీద చేరేసరికి మేడం రోడ్డు అంచున నిలబడి ఎదురుగా చూస్తున్నారు. ఎదురుగా చేను లేదు. మోకాలి లోతు నీళ్ళు, వాటిలో రెండు కొంగలు, బోలెడు కప్పలు.

కాంట్రాక్టరు మనిషి సున్నం బస్తా మోసుకుని నిలబడి, "గీత యాడ గీయాల సార్, నీళ్ళ మీదనా?" అని అడిగాడు. అతను వెటకారం చేయలేదు. నిజంగానే అడిగాడు.

మేడం అరవరు. అదే భయం. "ఏఈ గారూ, మీ రిపోర్టు ఒకసారి చదవండి" అన్నారు. చదివాను. 'నిలిచే అవకాశం లేదు' అన్న దగ్గర ఒక కప్ప గట్టిగా అరిచింది. ఊరివాళ్ళు కొందరు నవ్వు ఆపుకోలేక తల తిప్పుకున్నారు.

ఒట్టు పెట్టిన మామ ముందుకొచ్చి, "ఎగువన కాలవ తెగినాది మేడం, అంతే. రేపటికి ఒక్క సుక్క ఉండదు" అన్నాడు. మేడం నా వైపు చూశారు. అవునని తల ఊపితే నేను బయటపడిపోయేవాణ్ణి. నిజం చెప్పాలంటే నా తల ఊగడానికి సిద్ధంగానే ఉంది.

అప్పుడు నర్సమ్మ వచ్చింది. భుజాన టీకాల డబ్బా, చేతిలో బురద చెప్పులు. "మేడం, నీళ్ళుంటే ఉండనీండి, ఈడనే కట్టించండి. మా ఆడోళ్ళు నీళ్ళలో నడిసి వస్తారులే. వంటింట్లో కానుపు చేసేదానికంటే నయమే గదా. బిల్డింగు మాత్రం పక్కూరికి పంపొద్దు మేడం" అంది. ఆమె నన్ను తప్పు పట్టలేదు. నీళ్ళలో మునిగే ఆసుపత్రి అయినా చాలని బతిమాలుకుంటోంది. ఆ మాటకు నా తల సిగ్గుతో దిగిపోయింది. నొప్పులు పడుతున్న ఒక ఆడమనిషి ఆ నీళ్ళలో నడిచి రావడం నా కళ్ళకు కట్టినట్టు కనబడింది.

"కాలవ తెగలేదు మేడం" అన్నాను. "తప్పు నాదే. నెర్రెల్లో నీళ్ళు పోసి ఇంకినాయని రాసినాను. మిట్ట మీద ఒక్క గుంత తీసి, ఇంకా రెండు చూద్దామన్నా వినకుండా ఇల్లు చేరినాను. ఇన్‌స్పెక్టర్ చెప్పినాడు, నేనే వినలేదు."

మేడం నా చేతిలోంచి రిపోర్టు తీసుకుని మడిచారు. తర్వాత, "సాయంత్రంలోగా నాకు ఒక పొడి నేల చూపించండి. లేకపోతే రేపు పక్క ఊరికి రాయక తప్పదు" అన్నారు.

"మిట్ట ఉండాది గదమ్మా" అంది అవ్వ, గుంపులోంచి.

"అది చెత్తగుంత అవ్వా" అన్నాను.

అవ్వ నన్ను కింది నుంచి పై దాకా చూసింది. "సెత్తగుంతా? ఊరందరికీ కూడు పెట్టిన తావును పట్టుకుని సెత్తగుంత అంటావా నాయనా? అది జొన్నల పాతర!"

పాతర అంటే మీలో చాలామంది చూసి ఉండరు. నేనూ చూడలేదు, విన్నాను. భూమిలో కుండ ఆకారంలో, మనిషి దిగేంత సన్నటి మూతితో, లోపల విశాలంగా గొయ్యి తవ్వి, చుట్టూ చొప్ప పరిచి జొన్నలు పోసి, పైన బండ వేసి మన్నుతో మూసేవాళ్ళు. కరువు వచ్చినప్పుడు తీసుకుని తినేవాళ్ళు. "మా దిక్కు హగేవు అంటారు మేడం" అన్నాడు ఇన్‌స్పెక్టర్, ఇన్నాళ్ళకు తనకు తెలిసిన విషయం వచ్చిందన్న సంతోషంతో.

"నీళ్ళొచ్చే తావులో ఎవరన్నా జొన్నలు దాపెడతారా సెప్పు నాయనా?" అని అడిగింది అవ్వ.

ఊరి పెద్దలు తమ తిండి మొత్తం నమ్మి దాచుకోవడానికి ఎంచుకున్న నేలను నేను ఒక గడ్డపార పోటుతో కొట్టిపారేశాను.

అందరం మిట్ట ఎక్కాం. రెండు రోజుల వాన తర్వాత కూడా పైన చెప్పులకు బురద అంటలేదు. నీళ్ళు రెండు వైపులా పాయలుగా జారిపోయిన గుర్తులు స్పష్టంగా ఉన్నాయి. ఇంకో రెండు గుంతలు తీయించాను. జానెడు మన్ను కిందే గట్టి గరుసు తగిలింది, గడ్డపార ఖంగుమంది. మేడం మొహం కొంచెం విచ్చుకుంది. కానీ అసలు చిక్కు అప్పుడే వచ్చింది. పాతరలు ఎన్ని, ఎక్కడెక్కడ ఉన్నాయి? బోలు మీద గోడ కడితే ఏదో ఒక రోజు కుంగుతుంది. ఒక్కొక్కరూ ఒక్కో చోటు చూపించారు. ఏ ఇద్దరికీ పొంతన లేదు.

"రోకండ్లు తెండే!" అని అరిచింది అవ్వ.

పావుగంటలో పాతిక మంది ఆడవాళ్ళు రోకళ్ళతో మిట్టెక్కారు. మిక్సీలు వచ్చాక అటకల మీద పడుకున్న రోకళ్ళన్నీ ఆ రోజు దిగివచ్చాయి. అవ్వ వాళ్ళను వరుసగా నిలబెట్టింది. అడుగు అడుగుకీ నేలను దంచుకుంటూ ముందుకు నడవాలి, చప్పుడు వినాలి. గట్టి నేల మీద ధన్ ధన్ అంటుంది. కింద బోలు ఉంటే డుబ్బుమంటుంది. మగవాళ్ళు మాట్లాడితే అవ్వ రోకలి ఎత్తి చూపించింది. అందరూ నోళ్ళు మూసుకున్నారు.

నా సర్వీసులో అంత అందమైన నేల పరీక్ష ఇంకొకటి చూడలేదు. దంచేవాళ్ళ గాజులు ఒక లయలో గలగలమంటున్నాయి. ఎవరో పెళ్ళిలో పసుపు దంచే పాట ఎత్తుకున్నారు. "పాట బ్యాడమ్మా, సప్పుడు వినబడదు" అని ఇన్‌స్పెక్టర్ మొత్తుకున్నాడు. డీఈ మేడం చూసి చూసి కొంగు నడుముకు చుట్టి తనూ ఒక రోకలి అందుకున్నారు. మొదటి డుబ్బు ఆమె రోకలి కిందే వినబడింది. ఆమె చిన్నపిల్లలా "దొరికింది!" అని కేక వేస్తే ఊరంతా ఈలలు వేసింది. మధ్యాహ్నానికి ఆరు చోట్ల సున్నం గుండ్రాలు గీశాం. ఉదయం నుంచి బస్తా మోస్తున్న కాంట్రాక్టరు మనిషికి ఊపిరి వచ్చింది.

ఆరింటిలో అయిదు పూడ్చినవి. ఒకటి మాత్రం మూతి మీద బండతో అలాగే ఉంది. బండ జరిపి, చెడుగాలి పోవడానికి రెండు గంటలు వదిలేశాం. లాంతరు దించితే ఆరకుండా వెలిగింది. ఇన్‌స్పెక్టర్ నడుముకు తాడు కట్టుకుని దిగి, అడుగున పరిచిన చొప్ప ఒక పిడికెడు తెచ్చాడు. నా చేతిలో పెట్టాడు. నలిపితే ఫెళఫెళ విరిగింది. ఇన్ని దశాబ్దాల వానల కింద ఉండి కూడా ఆ చొప్పకు తడి తగల్లేదు. నేను నాలుగు బిందెలతో చేసిన పరీక్షను ఆ ఊరు ఎన్ని వానాకాలాలుగానో చేస్తూ ఉంది.

అవ్వ ఆ చొప్ప తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆమె కళ్ళు నిండాయి. "మా అత్త పరిసినది ఇది. నేను కొత్త కోడలుగా వచ్చినప్పుడు నడుముకు తాడు కట్టి దీంట్లోకి నన్నే దించేటోళ్ళు. శాటతో జొన్నలు ఎత్తి ఇచ్చేదాన్ని. అప్పుడు సన్నగుంటి గదా" అంది.

"ఇప్పుడు దించుదామా అవ్వా?" అంది నర్సమ్మ.

అందరూ అవ్వ నడుము వంకా పాతర మూతి వంకా చూశారు. అవ్వే ముందు నవ్వింది. ఏడుస్తూనే నవ్వింది. ఆ రోజు అక్కడ నవ్వనివాళ్ళు లేరు. ఒట్టు పెట్టిన మామ కూడా నవ్వాడు.

పాతరలన్నీ తవ్వి, గరుసు పొరలు పొరలుగా నింపి దిమ్మిస చేయించాం. భవనాన్ని గట్టి నేల వైపు కొంచెం జరిపాం. ఎగువన ఒక కాలువ తీసి వాన నీటిని పక్కకు మళ్ళించాం. రెండో రిపోర్టులో 'నా మొదటి పరిశీలన తప్పు' అని స్పష్టంగా రాశాను. ముప్పై ఏళ్ళలో ఆ వాక్యం రాయడం అదే మొదటిసారి. రాశాక మనసు తేలికైంది. మేడం దాని మీద సంతకం చేసి, అంచున పెన్సిల్‌తో, 'ఇకపై ఏఈ గారు నేల పరీక్షకు ఒక రోకలి వెంట తీసుకెళ్ళవలెను' అని రాశారు. రిటైరయ్యేదాకా ఆఫీసులో నా పేరు రోకలి సారే.

ముసలివాళ్ళను అడగండి అని మీకు నీతి చెప్పబోవడం లేదు. ఒట్టు పెట్టిన మామ కూడా ముసలివాడే. అడగండి, ఆ తర్వాత ఇంకో గుంత తీయండి. ఇంటికి ఆలస్యంగా వెళ్ళండి. ఇంతకు మించి నాకు తెలియదు.

రిటైరైన తర్వాత మొదటి వానాకాలంలో మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు పొద్దున తెరిపి ఇచ్చింది. నాకు ఇంట్లో కాలు నిలవలేదు. "నౌకరీ అయిపోయింది గదా జీ, ఇంకా ఏం పరీక్ష?" అంటూనే మా ఆవిడ టిఫిన్ కట్టి ఇచ్చింది. బస్సు దిగేసరికి రోడ్డు పక్క చేనులో బర్రెలు మెడల దాకా మునిగి హాయిగా ఉన్నాయి. పెద్ద అంగలు వేస్తూ మిట్ట ఎక్కాను.

అది టీకాల రోజు. వరండా నిండా చెప్పులు, లోపల తల్లులు, పిల్లలు. నేను ఎవరినీ పలకరించకుండా గోడల మొదళ్ళు తడిమాను. మూలల్లో వేలు పెట్టి చూశాను. తలుపు వెనక, బల్ల కింద గచ్చు మీద అరచేయి ఆనించాను. ఎక్కడా చెమ్మ లేదు. మూల కూర్చుని మునిమనవరాలిని ఒళ్ళో ఆడిస్తున్న అవ్వ, "ఏం పోగొట్టుకున్నావు నాయనా?" అని అడిగింది.

"తడి ఏమన్నా ఉందేమోనని అవ్వా."

"ఉంటే మేము సెప్పమా?"

ఇంతలో నర్సమ్మ అప్పుడే సూది పడిన ఒక మగపిల్లవాణ్ణి నా చేతుల్లో పెట్టేసింది. "రెండు నిమిషాలు పట్టుకోండి సార్, వాళ్ళమ్మ కార్డు మర్సిపోయి ఇంటికి పోయింది" అని ఇంకో బిడ్డ వైపు తిరిగింది. వాడు ఏడుపు ఆపి నా గడ్డం వంక కాసేపు సీరియస్‌గా చూశాడు. తర్వాత ఏదో తేల్చుకున్నవాడిలా నవ్వాడు. నా చొక్కా మీదుగా వెచ్చగా ధార దిగింది.

మూడు రోజుల ముసురు తర్వాత ఆ భవనంలో తడిసింది నేనొక్కణ్ణే.